పొయ్యితో మాట్లాడే ఎస్తేరక్క

మొన్న టీవీలో వేరే గ్రహం మీద ఒంటరిగా చిక్కుకున్న మనిషి సినిమా చూస్తుంటే, డెబ్బైలనాటి బోధన్ టాకీసు బీడీ పొగ మళ్లీ ముక్కుకు తగిలింది. ఆ బెంచీలు, నల్లుల కాట్లు మీకూ గుర్తున్నాయా?

అలాంటి ఇంగ్లీషు సినిమాకే పక్కింటి ఎస్తేరక్క నన్ను తీసుకుపోయింది. పెళ్లైన ఏడాదికే బొంబాయి పోయిన ఆమె భర్త తిరిగి రాలేదు. తెరమీద మనిషి గోడతో మాట్లాడుతుంటే హాలంతా నవ్వింది. అక్క మాత్రం ఏడ్చింది.

"ఎందుకేడుస్తున్నవక్కా?"

"నేను గూడ పొయ్యితోని గిట్లనే మాట్లాడ్త చెల్లె. ఇంట్ల ఇంకెవ్వరున్నరు?"

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు ఆమె దగ్గరే కూర్చునేదాన్ని. అక్క చెరుకు ముక్కలు కోసి పెడుతూ ఆగకుండా మాట్లాడేది. ఎండాకాలంలో మా బాపుకు నిజామాబాద్ బదిలీ అయి అందరం అక్కడికి వెళ్లిపోయాం. దసరా సెలవులకు నేను మళ్లీ బోధన్ వచ్చేసరికి అక్క ఇంటికి తాళం ఉంది. ఎటు పోయిందో వాడలో ఎవరికీ తెలియదు.