తల ఒక్కటే మార్చిన విగ్రహం

దెబోరా ఎవురికీ తలొంచే రకం కాదు. ఆసుపత్రిలో ఆయాగా చేరిన నాటి నుంచీ అంతే, న్యాయం తనదైతే పెద్ద డాక్టరమ్మ మీద కూడా గొంతు లేపేది. అట్లాంటి మనిషి, పోయిన తన మొగుడు శాలేము రాజుకు మదనపల్లె సర్కిల్లో విగ్రహం పెడతామని కమిటీవాళ్ళు ఇంటికొచ్చి చెప్పినప్పుడు మాత్రం కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చేసింది.

పగలంతా టమోటా మార్కెట్లో క్రేట్లు మోసి, సాయంత్రం మైదానంలో సాధన చేసి, రాష్ట్రానికే బాక్సింగ్ ఛాంపియన్ అయినాడు శాలేము రాజు. ఆయన గుద్దులకు ఎదురుగా ప్యాడ్లు పట్టి నిలబడింది దెబోరానే. "ఆడదానికి ఇదేం పనప్పా" అని జనం నవ్వితే, "అయితే మీరొచ్చి కాసుకోండి" అనేది. ఒక్కడన్నా ముందుకొస్తే ఒట్టు!

ఆవిష్కరణ రోజు పొద్దున్నే పోయి, ఆత్రం ఆగక ముసుగు ఎత్తి చూసి కొయ్యబారిపోయింది. తెల్ల పంచ, భుజాన కండువా, పైకెత్తిన చూపుడువేలు! విగ్రహం చేసిన శిల్పి దగ్గర నాయకుల ఒళ్ళు ఎప్పుడూ తయారుగా ఉంటాయంట, తల ఒక్కటే మార్చి పంపేస్తాడంట. తల మాత్రం శాలేము రాజుదే.

"ఇదేంది నల్లప్పా?" అని కమిటీ పెద్దను నిలదీసింది.

"నడిరోడ్లో నిక్కరేసుకున్న మనిషిని ఎట్ల నిలబెట్టేదమ్మా? ఇట్లుంటేనే మర్యాద."

దెబోరాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ నిక్కరుతోనే కదప్పా గెలిచింది! మెళ్ళో పతకమేసి ఊరేగించినప్పుడు మీకు సిగ్గు కాలేదే! ఎవుని ఒంటినో తెచ్చి నా మొగుని తలకింద పెడితే నేను దండేయాల్నా? దించండి!"

మార్కెట్లో శాలేము రాజుతో క్రేట్లు మోసిన హమాలీలు అక్కడికొచ్చి ఉన్నారు, వాళ్ళే తాళ్ళు తెచ్చి, విగ్రహాన్ని దించి పక్కన పెట్టినారు.

"అయ్యో, ఆవిష్కరణ చేసే అతిథి వస్తాండాడు! ఇప్పుడు ఆయనకు ఏం చూపించేది?" అని నల్లప్ప తల పట్టుకున్నాడు.

దెబోరా చెప్పులు విడిచి, కొంగు నడుముకు బిగించి, ఖాళీ దిమ్మె మీదికి ఎక్కింది. ఎడమకాలు ముందుకేసి, రెండు పిడికిళ్ళూ మొగానికి అడ్డం పెట్టి నిలబడింది. అతిథి కారు వచ్చి ఆగింది. జనం గుసగుసలాడినారు. ఆమె పిడికిళ్ళు దించలేదు.

"ఫోటో తీసి ఆ శిల్పికి పంపించు నల్లప్పా. ఇట్ల చేసి తెచ్చేదాకా ఈ దిమ్మె మీద ఇంకెవుడూ నిలబడడు!"