తాత ఎందుకు తడిశాడు?

మొన్న ఉప్పల్‌లో మనవడికి బూట్లు కొందామని వెళితే, పక్కనే ఒక తల్లి, ఏం కావాలంటే "ఎర్రవి" అని ఊరుకున్న తన కూతురి ముందు మూడు వేళ్లు చాపి, ఎవరికి, ఏం, ఎందుకు అంటూ ఒక్కొక్కటే మడుస్తూ ఓపిగ్గా చెప్పిస్తోంది. ముఖం కన్నా ముందు ఆ వేళ్లనే గుర్తుపట్టాను, అది నేను నేర్పిన పద్ధతే.

నాచారంలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో, చదవడం, రాయడం కష్టమైన పిల్లలను నా గదికి పంపేవారు. పాఠం చదివి వినిపిస్తే కథంతా వాళ్ల కళ్లలో కనిపించేది గానీ, ప్రశ్నకు ఒక్క మాట రాసి పెన్ను మూసేసేవారు. ఆ ఒక్క మాటకు సున్నా చుట్టిన చేతులు మా టీచర్లలో చాలామందివే. అందుకే ఎవరు, ఏం చేశారు, ఎందుకు అని మూడు వేళ్లు మడిచాకే జవాబు అయినట్టని చెప్పేదాన్ని. ఇప్పుడు తల్లయిన ఈ అమ్మాయి మాత్రం అప్పట్లో ఏడాదంతా మూడో వేలు దాకా రాలేదు.

సంవత్సరాంత పరీక్షలో వాళ్లు చెబితే మేము రాసేవాళ్లం, చెప్పిందే రాయాలి. పాఠంలోని తాత వానలో ఎందుకు తడిశాడన్నది ఆఖరి ప్రశ్న. గొడుగు అంది, ఆగిపోయింది. భోజనాల గంట కొట్టేశారు, పేపర్లు పంపమని పెద్ద మేడమ్ కబురు మీద కబురు. పాపం పిల్ల ఫెయిలవుతుందనుకుంటూ చక్కటి జవాబు నేనే రాసేసి దారం కడుతుంటే, తను మెల్లగా మూడో వేలు మడిచింది.

"తాత గొడుగు మేకపిల్లకు పట్టిండు, అది వణుకుతున్నదని. అందుకే తడిసిండు."

వణకడం సంగతి పాఠంలో లేదు, తనే ఊహించుకుంది. రాసిన్రా మేడం అని అడిగితే, రాశానన్నాను.

బూట్ల షాపులో ఆమె నన్ను చూసి దగ్గరికొచ్చి, చేతులు పట్టుకుంది.

"నా బిడ్డకు గూడ గిట్లనే ఉంది మేడం. అందరు తొందరపెడ్తరు. మీరొక్కలే నేను చెప్పేదాక ఆగిన్రు."

సిగ్గుతో మనవడి కోసం తీసిన బూట్ల వైపు తల తిప్పుకున్నాను. ఇప్పుడు అలాంటి పిల్లలకు పరీక్షలో ఎక్కువ సమయం ఇస్తున్నారట, పాఠాన్ని ఫోనే చదివి వినిపిస్తుందట, మంచిదే. నాకూ ఇప్పుడు బోలెడు తీరిక. ఆ అమ్మాయి మొదటిసారి పూర్తిగా చెప్పిన జవాబు మాత్రం ఏ కాగితం మీదా లేదు, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.