రోమన్ సిపాయి మొక్కు, నా మాడిన పప్పు

ఆ రోజుల్లో సౌదీలో నీకేం పని వచ్చని ఎవరూ అడిగేవారు కాదు, అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డులో ఏముందనే చూసేవారు. రియాద్‌లో నేను హాయిగా ఏసీలు బాగుచేసుకుంటున్నాను. కార్డులో మాత్రం ‘వంటవాడు’ అని ఉంది (దొరికిన వీసా అదే మరి). నితాఖత్ అని, కార్డులో ఉన్న పనే చేస్తున్నామా అనే తనిఖీలు ముదిరేసరికి నాకు వీసా ఇచ్చిన కఫీల్ భయపడి, తబూక్ అవతల ఎడారిలో పురాతన శిథిలాల కోసం తవ్వకాలు చేసే విదేశీయులకు నన్ను నిజంగానే వంటవాడిగా పంపేశాడు. నాకొచ్చింది పప్పొక్కటే. అది బాగాలేదని వాళ్లు ఒక్క మాటంటే నేరుగా ఇంటికే.

అక్కడి పెద్దావిడను మేం రాళ్ల మేడమ్ అనేవాళ్లం. ఒకప్పుడు ఆ ప్రాంతాన్నేలిన రోమన్ల సిపాయిలు మిత్రాస్ అనే దేవుణ్ణి కొలిచేవారట. ఆయన పేరున్న రాయి కోసం ఆవిడ ఏళ్లుగా వెతుకుతోంది. ఒకరోజు ఇసుకలో విరిగిన బలిపీఠం బయటపడింది. దానిమీద అరిగిన అక్షరాల్లో ‘మి’ కనిపించింది. ఇంకేముంది, మిత్రాసే అనుకుంది! తడి కాగితం పరిచి బ్రష్‌తో బాదితే అక్షరాలు దానిమీద తేలతాయట. బాదడానికి నన్ను పిలిచింది.

“పొయ్యి మీద పప్పుంది మేడమ్!”

“పప్పెక్కడికీ పోదు. గాలొస్తే కాగితం పోతుంది.”

పోయింది. రెండో కాగితాన్ని ఎవరిదో మేక నమిలేసింది. “ఖా గయీ! బక్రీ ఖా గయీ!” అంటూ పెషావర్ డ్రైవర్ ఖాన్ భాయ్ దాని వెంట పరుగు. మూడోదాన్ని మండుటెండలో బాదుతుంటే మాడు వాసన. లేవబోయాను. “కదలకు!” అంది మేడమ్.

చివరికి ఆరిన కాగితం చదివి ఆవిడ నీరసంగా కూలబడింది. దేవుడి పేరున్నచోట రాయి విరిగిందట. ‘మి’ అంటే మిలెస్, సిపాయి అట. “మొక్కు సంతోషంగా చెల్లించానని రాయించాడు, అంతే.”

నాకు ఒళ్లు మండిపోయింది. “గిందుకేనా నా పప్పు మాడింది? మా దిక్కు మొక్కు తీర్చుకుంటే పదిమందికి అన్నం పెడ్తరు. వీడు రాయి పెట్టిండు!” అని తెలుగులోనే అరిచాను. ఏమన్నావని మేడమ్ పట్టుబడితే, వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పక తప్పలేదు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, ప్లేటు తెచ్చుకుని రాయి పక్కనే కూర్చుంది. “అతని తరఫున నువ్వు పెట్టు” అంది. అందరం ఆ మాడు పప్పే తిన్నాం. తవ్వకాలు ముగిసేదాకా నన్ను ఎవరూ పంపేయలేదు.

తర్వాత విదేశీ పనివాళ్ల మీద కట్టాల్సిన లెవీలు పెరిగి మా కఫీల్ కంపెనీ మూతపడింది. ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వచ్చేసి, ఇప్పుడు నిజామాబాద్‌లో మళ్లీ ఏసీలే బాగుచేస్తున్నాను. అంత దూరదేశంలో ఏ గండం గట్టెక్కాలని మొక్కుకున్నాడో ఆ సిపాయి! అతని పేరు మేడమ్ చదివే ఉంటుంది. గిన్నె తోముకుంటూ అతణ్ణి తిట్టుకోవడంలో పడి, నేనే అడగలేదు.