కడబంతి కృపావతి

ఇల్లు కట్టుకుందామని కువైట్ వెళ్లిన కృపావతి 2007లో అనకాపల్లి తిరిగొచ్చేసరికి వీధి వీధంతా చూడ్డానికి కదిలింది. చూసింది ఆమెనా, ఆమె సూట్‌కేసునా అని మాత్రం అడక్కండి! ఇల్లంతా సెంటు వాసన, చాక్లెట్ కాగితాలు. ఆ సందడి సద్దుమణిగాక గాని అసలు చిక్కు బయటపడలేదు.

మూడేళ్ల పిల్లగా వదిలి వెళ్లిన కూతురు సిరి ఇప్పుడు ఏడో తరగతి. దాన్ని పెంచింది మేనత్త కృపాజ్యోతి. సిరి మంచి పిల్లే. అడిగితే మంచినీళ్లిస్తుంది, ఎదురు చెప్పదు. కానీ తల్లిని ఏమనీ పిలవదు. తండ్రి సత్యరాజు బెల్లం మార్కెట్ నుంచి రాగానే, "ఆవిడ తొంగున్నాది నాన్నా" అంటుంది. ఆవిడట! కన్నతల్లి ప్రాణం ఉసూరుమనదూ?

పోనీ పనిలో పడి కలిసిపోదామంటే కృపాజ్యోతి గరిటె ముట్టనివ్వదు. "నువ్వు కూకో వదినా, అక్కడ సాకిరీ సేసి సేసి అలిసిపోనావు" అంటూ కుర్చీ వేస్తుంది. పాపం, ప్రేమతోనే. కృపావతేమో కూర్చోవడమే మరిచిపోయింది. అక్కడ తను పనిచేసిన మేడమ్ ఇంట్లో అందరూ తిని లేచాక వంటింట్లో నిలబడి తినేది. ఇక్కడా అదే అలవాటు. "మీరు తినండి, నేను తరవాత తింటాన్లే" అంటుంది. అందరూ చేతులు కడుక్కున్నాక గోడవార నిలబడి నాలుగు ముద్దలు మింగుతుంది. అది చూడలేక సత్యరాజు చొక్కా తగిలించుకుని బయటికి పోయేవాడు.

ఇంతలో చర్చిలో కోతల పండగ వచ్చింది. ఆరాధన అయ్యాక పందిట్లో ప్రేమవిందు. ఆడవాళ్లంతా బంతిలో కూర్చున్నారు. కృపావతి కొంగు నడుముకు దోపి సాంబారు బకెట్టు అందుకుంది. హమ్మయ్య, ఇక్కడ తనను ఎవరూ కుర్చీలో కుదెయ్యరు! హుషారుగా వడ్డించుకుంటూ సిరి దగ్గరికి వచ్చింది. సిరి విస్తట్లో అన్నం అలాగే ఉంది. పక్కన ఇంకో విస్తరి ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోకుండా దానిమీద చెయ్యి పెట్టుకుని ఉంది పిల్ల.

"తినవేటే సిరీ?"

సిరి తలెత్తింది. కళ్లనిండా నీళ్లు, ముక్కుమీద కోపం.

"నువ్వు మాయింట్లో పనిమనిసివా ఏటి? ఒక్కరోజు కూడా మాతో తినవు. నాకాడ కూకోవు. నేనంటే నీకు ఇష్టం నేదా?"

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. పిల్ల తనను దూరం పెట్టిందని ఇన్నాళ్లూ కృపావతి కుమిలిపోయింది గాని, రోజూ అన్నం దగ్గర అది తన కోసం చూస్తోందని ఆమెకు తట్టనే లేదు. బకెట్టు దించేసి, ఆ ఖాళీ విస్తరి ముందు కూలబడింది.

కృపాజ్యోతి గబగబా వచ్చి అన్నం వడ్డించింది. "సాలా వదినా?"

సిరే జవాబిచ్చింది.

"ఇంకా ఎయ్యత్తా. మాయమ్మకి ఆకలేత్తంది."