మా పిన్ని చిన్న సందేహం

మా పిన్నికి సభలో చెయ్యి ఆగదు. "ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని వేదిక మీంచి వినబడడమే ఆలస్యం, ముందు వరసలోంచి ఒక చెయ్యి లేస్తుంది. ఆ వెనకే గొంతు. "నాదో చిన్న సందేహం."

సందేహం నిజంగానే చిన్నది. దాని తర్వాత వచ్చే నవ్వు మాత్రం చాలా పెద్దది. ఆ నవ్వు హాలంతా తిరిగి, విలేకరుల కుర్చీల దగ్గరికొచ్చి నా మీద ఆగుతుంది. ఆవిడ మా పిన్ని అని ఊరందరికీ తెలుసు మరి.

మా పత్రికలో నగరం పేజీ నాది. పుస్తకావిష్కరణలు, బొమ్మల ప్రదర్శనలు, నీళ్ల పైపుల మీద సమావేశాలు... ఒకరు నిలబడి మాట్లాడుతుంటే నలుగురు కూర్చుని వినే చోటల్లా నేనుండాలి. నాకైతే ఉద్యోగం. పిన్నికేం పని? బాబాయి పోయాక నాలుగో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. నాకు ఈ ఊళ్లో ఉద్యోగం దొరకగానే, "ఆ రెండో గదిలో పడుండు" అంది. పడున్నాను. పొద్దున్నే నేను జోళ్లు తొడుక్కుంటుంటే, "ఇవాళ ఎక్కడరా?" అనేది. సాయంత్రం నేను వెళ్లేసరికి నాకంటే ముందే అక్కడ కూర్చుని ఉండేది.

ఒకసారి ఖగోళశాస్త్రం ప్రొఫెసర్ గారొకాయన వచ్చి, నక్షత్రాల వెలుగు మన దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో కళ్లకు కట్టినట్టు చెప్పారు. జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. ప్రశ్నలు అడగమనేసరికి ఆ నోళ్లన్నీ మూతపడ్డాయి. పిన్ని చెయ్యి లేచింది.

"నాదో చిన్న సందేహమండీ. పగలు ఈ నక్షత్రాలన్నీ ఎక్కడికెళ్తాయి?"

హాలు గొల్లుమంది. నేను కలం కింద పడేసుకుని, దాన్ని చాలాసేపు వెతికాను.

ఇంకోసారి ఒక కవిగారు. పంజరం తలుపు తీయగానే పావురం ఎగిరిపోయిందని కవిత చదివి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"ఆ పావురం మళ్లీ వచ్చిందా అండీ?" అంది పిన్ని.

"అది ప్రతీక అమ్మా" అన్నారు కవిగారు ఓపిగ్గా.

"అయ్యో, పేరు కూడా పెట్టి పెంచారా! అయితే తప్పకుండా వస్తుందిలెండి."

కవిగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఈసారి నా వైపు చూశారు.

బొమ్మల ప్రదర్శనలో ఇంకా దారుణం. ఆ చిత్రకారుడు కుర్రాడు, అతనికదే మొదటి ప్రదర్శన. గోడంత కాన్వాసు మీద ఎరుపు, నలుపు తప్ప ఏమీ లేవు. "బాబూ, దీన్ని తలకిందులుగా తగిలించారేమో ఒకసారి చూసుకోకూడదూ?" అంది. అతను మర్యాదస్తుడు. నిజంగానే దగ్గరికెళ్లి మెడ ఒక పక్కకి వంచి చూశాడు, ఇంకో పక్కకి వంచి చూశాడు. చివరికి, "సరిగ్గానే ఉందనుకుంటానండీ" అన్నాడు. ఆ గొంతులో ధైర్యం లేదు.

ఈ కబుర్లు మా సంపాదకుడి దాకా వెళ్లాయి. నేను చెమటోడ్చి వార్త రాసి పట్టుకెళ్తే, ఆయన దాన్ని పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, "అది సరేనయ్యా, ఇంతకీ మీ పిన్ని ఏమడిగింది?" అనేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాను. "పిన్నీ, కాస్త వెనక కూర్చోకూడదూ?"

"వెనక నుంచి అడిగితే వినబడదు కదరా."

"అసలు అడక్కపోతేనేం?"

"పాపం, ఆయన అంతసేపు గొంతు చించుకున్నాడా? ప్రశ్నలున్నాయా అని నోరు తెరిచి అడిగాడా? ఒక్కళ్లూ ఉలకరు, పలకరు. ఇంటికెళ్లి ఏ ముఖంతో అన్నం తింటాడు?"



విచిత్రం ఏమిటంటే, ఒక డాక్టరుగారి ఉపన్యాసంలో పిన్ని అసలు చెయ్యే ఎత్తలేదు. ప్రశ్నలనగానే వెనక నుంచి ఒక కాలేజీ అమ్మాయి లేచి గలగలా అడిగేసింది. ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని హాయిగా వింటూ కూర్చుంది. నాకు భయమేసింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను బస్సులో.

"దివ్యంగా ఉంది. ఇవాళ నాతో పనిలేదు, అంతే" అని కిటికీ వైపు తిరిగింది. నాకేమీ అర్థం కాలేదు.

అర్థమైంది మా పేట లైబ్రరీ గొడవలో. పాత భవనం, సున్నం రాలే గోడలు, ఊగే బల్లలు. దాన్ని పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేద్దామని నగరపాలక కార్యాలయం వాళ్లు నిర్ణయించారు. పేటవాళ్లకి ఒక మాట చెప్పినట్టుంటుందని ఆ లైబ్రరీలోనే సమావేశం పెట్టారు. అధికారి తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించి, అంతా గడగడా చదివేసి, "సందేహాలేమైనా ఉన్నాయా?" అంటూనే ప్రొజెక్టరు తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. అందరి కడుపుల్లోనూ మంట ఉంది. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఇంకో నిమిషం గడిస్తే లైబ్రరీ పని అయిపోయినట్టే.

చెయ్యి లేచింది.

"నాదో చిన్న సందేహం సార్. ఆ బొమ్మలో కార్ల మధ్య నుంచి ఒకాయన గొడుగేసుకుని వెళ్తున్నాడు. వాన లేదు, ఎండా లేదు. ఆ గొడుగెందుకండీ?"

జనం పగలబడి నవ్వారు. అధికారికి కూడా నవ్వొచ్చింది. తీగలు కింద పెట్టి తెర వైపు చూశాడు. "అది... కంప్యూటర్‌లో అలా వచ్చిందమ్మా."

"అలాగా! మన పేటవాడేమో, పలకరిద్దామనుకున్నాను."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వులు సద్దుమణగకముందే పిన్ని పక్క కుర్చీలోంచి ఒకావిడ లేచింది. మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడ గొంతు అంతకు ముందెప్పుడూ నేను విన్నట్టు గుర్తు లేదు.

"నాదీ చిన్నదే సార్" అంది వణుకుతూ. "మాది ఒకటే గది. పగలంతా మిషను నడుస్తుంది, కాలు పెట్టడానికి చోటుండదు. మా మామగారు పొద్దున్నే ఇక్కడికొచ్చి, సాయంత్రం దాకా పేపర్లు చదువుకుంటారు. ఇది పోతే ఆయన ఎక్కడ కూర్చోవాలి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన లేచాడు. "నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ." పరీక్షలకి చదువుకునే అమ్మాయిలిద్దరు లేచారు. ఇంక కట్ట తెగినట్టే. అధికారి మళ్లీ కూర్చోవాల్సొచ్చింది. కాగితం తీయాల్సొచ్చింది. చెప్పులు కుట్టే అతని దగ్గర్నుంచి పాలబూత్ దాకా నేను పేటంతా తిరిగి, ఆ ప్రశ్నలన్నిటికీ ఇంకా తోడు తెచ్చి మా పేజీ నిండా రాశాను. కొన్నాళ్లు అటూ ఇటూ లాగి, చివరికి భవనం వెనకున్న ఖాళీ స్థలాన్ని కార్లకిచ్చి, లైబ్రరీకి సున్నం వేయించారు.

సమావేశం నుంచి నడిచి వస్తూ అడిగాను. "పిన్నీ, ఆవిడ లేస్తుందని నీకు ముందే తెలుసా?"

"మొదట్నుంచీ చెయ్యి సగం ఎత్తడం, దించుకోవడం. పెద్దవాళ్ల మధ్య ఏం మాట్లాడితే ఏం తప్పో అని భయం. నేనడిగాక ఇంకెవరేమడిగినా నాకంటే తెలివిగానే ఉంటుంది కదరా."

నేను రోడ్డు మీద నిలబడిపోయాను. "అంటే ఆ నక్షత్రాలు..."

"పగలు ఎండ వెలుగులో కనబడవు. అదీ తెలియదనుకున్నావా?"

"మరి ప్రతీక?"

"మీ బాబాయి కవితలన్నీ వినిపించింది ఎవరికనుకున్నావు? గోడకా?"

"ఆ బొమ్మ?"

పిన్ని కాస్త ఆలోచించింది. "అది మాత్రం తలకిందులుగానే ఉందిరా."

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఆ తర్వాత పిన్ని మోకాళ్లు నాలుగో అంతస్తుతో మాట్లాడడం మానేశాయి. లిఫ్టు బాగున్న రోజులకంటే బాగాలేని రోజులే ఎక్కువ. అక్కడ మా సొంతూళ్లో మా అమ్మా ఒక్కతే. అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లో గంటలకొద్దీ పోట్లాడుకుని, ఆ పోట్లాటేదో ఒకే ఇంట్లో ఉండి చేసుకుందామని తేల్చుకున్నారు. పిన్ని పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు సభల్లో ప్రశ్నలున్నాయా అంటే, ఫ్యాన్ల చప్పుడు వినబడుతుంది. తర్వాత కుర్చీలు లాగే చప్పుడు. మొన్న కవిగారు మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, "మీ పిన్నిగారు రావడం లేదేం? కొత్త సంపుటి వచ్చింది, ఆవిడ ఏమంటారో..." అని ఆగిపోయారు. మా సంపాదకుడైతే వార్త తీసుకుని నా ముఖం చూస్తాడు, ఏమీ అడగడు. నేను కూడా పొద్దున్నే జోళ్లు తొడుక్కునేటప్పుడు, 'ఇవాళ ఎక్కడరా?' అని వినబడుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను. బుద్ధిలేని అలవాటు. పోవడం లేదు.

నిన్న సాయంత్రం పిన్ని ఫ్లాట్‌లోని ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావురా?"

"బాగున్నాను."

"తింటున్నావా?"

"తింటున్నాను."

 పిన్ని గొంతు సవరించుకుంది. "నాదో చిన్న సందేహం. నువ్వు ఇంట్లో లేనప్పుడు ఫోను మోగుతుంది కదా, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి దానికి తెలుస్తుందంటావా?"

నాకు నవ్వాగలేదు. గోడకి చేరగిలబడి నవ్వాను. ఆ నవ్వు అయ్యేలోపల ఎలా వచ్చిందో నా నోట్లోంచి మాట వచ్చేసింది. "పిన్నీ, సాయంత్రమైతే ఇంటికి రాబుద్ధి కావడం లేదు." ఆ వెనక ఇంకా చాలా వచ్చాయి, ఎవరికీ చెప్పనివి. పిన్ని మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. 'ఊఁ' కొడుతూ అంతా వింది.

చివర్లో అమ్మ ఫోను లాక్కుంది. "ఏరా, ఆదివారం వస్తున్నావట?"

"నేనెప్పుడన్నాను?"

"ఏమో, మీ పిన్ని అంటోంది. అప్పుడే లోపలికెళ్లి నీకు పక్క వేసేస్తోంది. ఇవాళ మంగళవారమేనే అంటే వింటేనా!"

"వేయనీవే అమ్మా" అన్నాను. "వస్తున్నాను."