బొజ్జన్న చేతి బోణీ

నేల బండలకు పేరుపడ్డ బేతంచెర్లలో పుట్టి, రోజంతా ఆ బండలే చెక్కి, ఇంటికొచ్చి మట్టి నేల మీద పడుకునే మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? మా పక్కింట్లో ఉండేవాడు. పేరు బొజ్జన్న. ఆయన సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నవ్వూ వస్తుంది. ఏది ముందొస్తే దాంతోనే చెబుతాను.

ఆయన భార్య మహాదేవమ్మ మోకాళ్ళ నొప్పుల మనిషి. మట్టి ఇల్లన్నాక అలకాలి కదా! పేడ నీళ్ళలో కలుపుకొని ఇల్లంతా మోకాళ్ళ మీద పాకుతూ అలికేది. ఆఖరికి లేవలేక, "రత్నమణీ, వచ్చి లేపవే" అని గోడ అవతలి నుంచి నన్ను కేకేసేది. నేను పోయి చంకల్లో చేతులు వేసి లేపేదాన్ని. ఇంట్లో బండలు పరిపించమని మొగుణ్ణి అడిగీ అడిగీ ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

"పరుస్తాలే. సరుకుల్లో మిగిలిచ్చి పరుస్తా" అనేవాడు బొజ్జన్న.

"గని కాడ పగిలిన ముక్కలు కుప్పలుగా పడుండాయి కదన్నా. వాటినెవరూ అడగరు. పొద్దుకొకటి నెత్తిన పెట్టుకొని వస్తే పోలా?" అన్నాను నేనొకసారి.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఊరికే వచ్చేదాంట్లో మనకు మిగిలేదేముండాది రత్నమణీ? రేటు దిగనీ. మంచి బండలు బేరం చేసి తెస్తా. అప్పుడు సూడు, ఎంత మిగులుతాదో!"

అప్పట్లో కర్నూలు రాజధాని. ఆఫీసులకనీ ఇళ్ళకనీ మా ఊరి బండలు లారీల్లో పోతూనే ఉండేవి. రేటు ఎక్కడ దిగుతుంది? "రాజధాని యాడికన్నా లేచిపోతే అదే దిగుతాది" అని ధీమాగా కూర్చున్నాడు. పెండ్లాం మోకాళ్ళ కోసం రాజధాని కదలాలన్నమాట! చెవులతో విన్నదాన్ని నేను, కల్పించడం లేదు.

ఈలోగా సరుకుల్లో మిగిలించే పని మొదలుపెట్టాడు. ఊళ్ళో అంగళ్ళు మూడు. స్టేషన్ దగ్గర పుల్లన్నది, బజారులో లక్ష్మన్నది, గనుల దారిలో హంపమ్మది. పావుశేరు చింతపండు కావాలంటే ముగ్గురి దగ్గరా ధర అడిగి, మళ్ళీ మొదటి అంగడికే వచ్చి, "హంపమ్మ కాడ అర్ధణా తక్కువ" అని రాగం తీసేవాడు. "అయితే ఆడికే పోప్పా" అని కసిరేవాడు పుల్లన్న. అలా కాళ్ళకు బలపం కట్టుకొని తిరగ్గా తిరగ్గా ఆయనకొక సంగతి తెలిసింది. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని ఏ అంగడివాళ్ళూ పోగొట్టుకోరు. బోణీ చెడితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందేనని వాళ్ళ భయం. ఎంత తక్కువకడిగినా గొణుక్కుంటూ ఇచ్చేస్తారు.

ఇంకేముంది! తెల్లారేసరికి అంగడి మెట్టు మీద బొజ్జన్న. పుల్లన్న తలుపు తీసి, ఆ మొహం చూసి, గబుక్కున మూసుకునేవాడు. "ఎంతసేపు మూసుకుంటావప్పా? నేనీణ్ణే ఉంటా" అని బొజ్జన్న తీరిగ్గా బీడీ ముట్టించేవాడు.

ఇలా ఊరికి శనిలా పట్టుకున్న మనిషి ఒక్క రోజులో దేవుడైపోయాడు. ఆయన లక్ష్మన్న అంగట్లో బోణీ చేసిన రోజే, తిరునాళ్ళకు పోయే బండ్ల వరసలో ముందు బండి ఇరుసు సరిగ్గా ఆ అంగడి ముందర విరిగింది. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. జనం అక్కడే పొయ్యిలు పెట్టి వండుకు తిని, సాయంత్రానికి లక్ష్మన్న అంగట్లో చీపురు కట్టలు కూడా మిగల్చకుండా కొనుక్కుపోయారు. బొజ్జన్న చెయ్యి మంచిదని ఊరంతా గుప్పుమంది. పాపం, ఇరుసు విరిగినవాణ్ణి ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి మొదలైంది అసలు పిచ్చి. బొజ్జన్న బోణీ తనకే కావాలని పుల్లన్న కోడి కూయకముందే అంగడి తీశాడు. లక్ష్మన్న అంతకన్నా ముందు తీశాడు. హంపమ్మ అసలు మూయడమే మానేసింది. మూయని అంగడికి బోణీ ఎట్లా చెల్లుతుందని మగవాళ్ళిద్దరూ పంచాయితీ పెట్టారు. తలుపు వేసి తీస్తేనే బోణీ అని పెద్దలు తేల్చారు. సరేనని హంపమ్మ పొద్దుగూకే వేళకు తలుపు వేసి, లోపల ఒకసారి దగ్గి, మళ్ళీ తీసి, "తెల్లారింది, రాప్పా బొజ్జన్నా" అని పిలిచింది. అప్పటికింకా గొడ్లు మేత నుంచి ఇళ్ళకు వస్తున్నాయి. మిగతా ఇద్దరూ ఆమె దారే పట్టారు. మా ఊళ్ళో రేపటి రోజు ఈ సాయంత్రమే మొదలయ్యేది.

వాళ్ళు పోటీ పడేకొద్దీ బొజ్జన్నకు ధర దిగింది. దిగేకొద్దీ ఆయన కొన్నాడు. కావాలా వద్దా అనే మాటే లేదు. "ఇంత తక్కువకొస్తాంటే ఇడిసిపెడతారా ఎవరన్నా?" కూలి డబ్బంతా చింతపండైంది, బెల్లమైంది, మిరపకాయలైంది. బెల్లానికి చీమలు, జొన్నలకు పురుగు. మిరప ఘాటుకు మా ఇంట్లో మేం తుమ్మేవాళ్ళం. మహాదేవమ్మ మూటల సందుల్లో దూరి అలికేది.

"శానా మిగిలిచ్చినా మే" అనేవాడు.

"యాడ మిగిలిచ్చినావు? సూపీ" అనేది.

ఆయన చింతపండు గుట్ట చూపించేవాడు.

చివరికి రాజధాని నిజంగానే హైదరాబాదుకు లేచిపోయింది. బండల రేటు దిగింది. ఆ మాట విని మహాదేవమ్మ మొహం విప్పారింది. సాయంత్రం మొగుడు రాగానే వేడి సంకటి పెట్టి, పక్కన కూర్చొని, మెల్లగా అడిగింది.

"దిగింది" అన్నాడు బొజ్జన్న. "ఇంకా దిగుతాది. ఇప్పుడు తొందరపడితే నష్టపోతాం."

 మరునాడు అలికే చప్పుడైతే వినబడింది గానీ నాకు కేక వినబడలేదు. మనసు ఆగక పోయి చూశాను. మూటల మధ్య పేడ చేతులతో పక్కకు ఒరిగి పడి ఉంది. ఏడుస్తోంది.

"లేపొద్దు రత్నమణీ. లేస్తే రేపు మళ్ళా వంగల్ల" అంది.

 బొజ్జన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె నన్ను పట్టించుకోకుండా చుట్టూ ఉన్న మూటలను చూస్తోంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

"పొయ్యి అందరికీ చెప్పు. దుడ్లు తేవద్దను. గని కాడ నుంచి మంచి ముక్క బండ తెచ్చి నా వాకిట్లో ఏసినోళ్ళకు శేరు చింతపండు. బెల్లం కావాలన్నా అంతే."

వీధి వీధీ తిరిగి చెప్పాను. సాయంత్రానికల్లా మా సందులో జాతర! నెత్తిన బండలతో ఆడా మగా బారులు తీరారు. సున్నం కూడా బెల్లానికే వచ్చింది. మూడు అంగళ్ళ ముందూ పిట్ట మనిషి లేడు.

బొజ్జన్న బోణీ కోసం హంపమ్మ అంగడి మెట్టు మీద కూర్చొని ఉంటే ఎవరో చెప్పారట, ఫలానా చోట డబ్బులు లేకుండానే సరుకు ఇస్తున్నారని. మనిషి పరుగో పరుగు! జనాన్ని తోసుకొని ముందుకొచ్చి తలెత్తి చూస్తే సొంత ఇల్లు, గడపలో పెండ్లాం.

"ఏమే, ఇది నా సరుకు కదే!"

"సరుకు కావల్లంటే బండ తే."

జనం గొల్లుమన్నారు. బొజ్జన్న చుట్టూ చూశాడు. గొంతు తగ్గించి, "అర బండకు ఇయ్యవా?" అన్నాడు. నా తండ్రే, అప్పుడు కూడా బేరమే!

"ఖాళీ చేతులోళ్ళు పక్కకు జరగండి" అంది మహాదేవమ్మ.

ఆయన గనికి పోయి ఒక బండ మోసుకొచ్చాడు. ఆమె దాన్ని తడిమి చూసి, "మూల ఇరిగింది, ఇంకోటి తే" అంది. బేరమాడకుండా పోయి తెచ్చాడు.

పరిచింది కూడా ఆయనే. పని వచ్చినవాడే కదా, కాదనను. ఒక్కో ముక్కా ఒక్కో ఆకారం, అయినా సందు లేకుండా అతికించాడు. నేల ఆరిన రోజు ఆమె పిలవకుండానే నేను పోయాను. మహాదేవమ్మ కాళ్ళు బారచాపుకొని బండల మీద కూర్చొని ఉంది. అంతలో బొజ్జన్న గని నుంచి దుమ్ము కాళ్ళతో వచ్చి లోపల అడుగు పెట్టబోయాడు.

"ఆణ్ణే నిలబడు. కాళ్ళు కడుక్కోని రా."

"నేలే కదే" అన్నాడు విసుగ్గా.

"ఇన్నేండ్లు నేను అలికిన నేల మీదే నడిచినావు. ఒగ్గ దినమన్నా కిందికి సూసినావా?"

 బొజ్జన్న గడప అవతలే నిలబడి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూశాను, అబద్ధమెందుకు.