బాటిల్ మెడమీద పేరు

వై.ఎన్.హొసకోటలో మా కోడలి కొట్టులో ఒక పరికరం ఉంది. చూసినవారందరూ దానిని బెంగళూరు నుంచి తెప్పించామనుకుంటున్నారు. అది మా వరండాలో మామాకోడళ్లమైన మా ఇద్దరి చేతుల మీదుగా తయారైంది. ఆ సంగతి ఒక క్రమంలో ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి కనుక వ్రాస్తున్నాను.

కోడలి వద్ద లేజర్ కిరణంతో అక్షరాలు చెక్కే యంత్రం ఉంది. చదునైన చెక్క మీద, రేకు మీద అది చక్కగా చెక్కుతుంది. కాని మా ప్రాంతంలో జనం పేరు వేయించుకునేది పాత్రల మీద. గుండ్రటి పాత్ర ఆ యంత్రానికి లొంగదు. బేరాలు లేక, నెలాఖరుకు కొట్టు మూసివేయాలని ఆమె నిశ్చయించుకుంది.

అప్పుడు రాయచెర్లు నుంచి ఒకామె వచ్చింది. సోలార్ పార్కులో పలకలు కడిగే ఆడవారికి ఆమె పెద్ద. వారందరివీ ఒకే రకం స్టీలు బాటిళ్లు.

"యాది ఎవురిదో తెలీక దినామూ కొట్లాటే. పేర్లు వేస్తావామ్మా?"

కోడలు నోరు తెరిచేలోగా, "సోమవారం రండి, వేస్తాము" అన్నాను.

ఆమె వెళ్లగానే కోడలు, "ఎట్ల మామా? బాటిల్ దొర్లిపోతాది కదా" అంది.

"దొర్లాలి తల్లీ. మనం చెప్పినంతే దొర్లాలి."

పాడైన జిరాక్స్ యంత్రం నుంచి రెండు రబ్బరు రోలర్లు, ఒక మోటారు ఊడదీశాము. సోలార్ పలకల కింద బిగించే అల్యూమినియం పట్టీల ముక్కలు పాత సామాన్ల అంగడిలో దొరికాయి. వాటితో చట్రం కట్టి, రోలర్లు పక్కపక్కన అమర్చాము. యంత్రంలో లేజర్ మూతిని ముందుకూ వెనక్కూ నడిపే మోటారు తీగను విప్పి, మా రోలర్ల మోటారుకు తగిలించాము. ఇక ఆ మూతి జరగవలసినంత మేర బాటిలే తిరుగుతుంది. రోలర్ల మీద బాటిల్ మెల్లగా తిరగడం మొదలుపెట్టినప్పుడు నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

సోమవారం ఆమె తన బాటిల్ తెచ్చింది. "మెడకాడ వేయండి సార్. చెంబుకైనా పేరు మెడకాడే కదా ఉండేది" అంది. అది న్యాయమే. ముందుగా మెడకు కాగితం చుట్టి పరీక్షించాము. అక్షరాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుకుగా వచ్చాయి.

"ఏందప్పా, నా పేరు ఇంత బక్కచిక్కినాది? నేను రాగిముద్ద తినేదాన్ని" అని ఆమె నవ్వింది.

కోడలు నవ్వలేదు. నాకు మాత్రం ఉత్సాహం పెరిగింది. అక్షరాలన్నీ ఒకే పాళ్లలో కుదించుకుపోయాయి. క్రమం ఉన్న తప్పుకు కారణం ఉంటుంది. రోలర్ల మీద ఆనుకున్నది బాటిల్ నడుము. నడుము ఎంత జరిగితే అంత జరిగిందని యంత్రం లెక్క వేస్తుంది. సన్నని మెడ అంతకన్నా తక్కువ జరుగుతుంది.

దారంతో నడుమునూ మెడనూ చుట్టి కొలిచాను. మిగిలింది బడిలో నేర్చిన త్రైరాశికమే. మెడకు నడుము ఎన్ని రెట్లో, అన్ని రెట్లు కోడలు కంప్యూటరులో అక్షరాలను వెడల్పు చేసింది. ముగ్గురమూ లేజర్ వెలుగును ఆపే నల్లని కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాము. ఈసారి కాగితం లేదు, స్టీలే.

మెడచుట్టూ పేరు నిండుగా, నల్లగా తేలింది. ఆమె దానిమీద బొటనవేలు పెట్టి రుద్ది, మళ్లీ చూసింది.

"ఇంగ మావోళ్లందరివీ రేపు ఎత్తుకొస్తా. కొట్టు తెరిచే ఉంటాది కదమ్మా?"

"ఉంటాదక్కా," అంది కోడలు.

ఇప్పటికీ తెరిచే ఉంది. మోటారు తీగల విషయంలోనో, నా లెక్కలోనో పొరపాటు కనిపిస్తే, తెలిసిన పాఠకులు మొహమాటపడక దిద్దవలసిందిగా కోరుతున్నాను.